మాక్సు ప్లాంకు

కమ్మరి కొలిమిలో ఇనుప కడ్డీని పెట్టి తిత్తి నూదునప్పుడు మొదట దాని రంగు మారదు. చేయి చేరువకు కొనిపోయినచో వేడి మాత్రము తగులును. కొంతసేపటికి కడ్డీ మసక యెరుపు దేలును. పిమ్మట నిండు ఎరుపు, దాని పిమ్మట పసుపు, తుదకు కన్ను మిరుమిట్లు గొలుపు తెలుపు. ఈ వింతను చూడని బాలుడు అరుదు. ఇది యేల యిట్లగునని యడిగిన బాలుడు అంతకంటె నరుదు. అడిగినవారికి సరియైన సమాధానము 1900 వ సంవత్సరము చివర వరకు ప్రపంచమున నెవ్వరును చెప్పజాలకపోయిరి. ఆ సమాధానమును కనుగొన్న జర్మను పండితుడే మాక్సు ప్లాంకు. క్వాంటము సిద్ధాంతము అను పేర నేడు ప్రసిద్ధి గాంచిన శాస్త్రమునకు మూలమదియే.

ఈ సిద్ధాంతమును గూర్చి పై తరగతుల విద్యార్థులు అడుగు ప్రశ్నలు కొన్ని కలవు. వెలుగు తరంగమా, రేణువా? శక్తి ముక్కలు ముక్కలుగా నుండునెడల ఆ ముక్కలు మన కంటికేల కానరావు? ప్రకృతిలో సమస్తమును చీట్లు వేసి తీసినట్లు జరుగునా? ఈ ప్రశ్నలు మొదట బాధించినది ఈ సిద్ధాంతమునకు ఆద్యుడైన ప్లాంకునే. కావున ఆతని చరిత్రను చెప్పుచు, ఎడనెడ వీనిని గూర్చియు ముచ్చటించెదను.

మాక్సు ప్లాంకు 1858 వ సంవత్సరము ఏప్రిల్ 23 వ తేదీన ఉత్తర జర్మనీలోని కీల్ పట్టణమున జన్మించెను. తండ్రి న్యాయశాస్త్రాచార్యుడు. తాతయు ముత్తాతయు గాటింగెన్ విశ్వవిద్యాలయమున క్రైస్తవ వేదశాస్త్రమును బోధించినవారు. 1867 లో తండ్రికి మ్యూనిక్ నగరమున నుద్యోగమైనందున కుటుంబమంతయు నచ్చటికి తరలిపోయెను. బాలుడు అచ్చటి మాక్సిమిలియన్ ఉన్నత పాఠశాలలో చేరెను. చదువులో మంచివాడే గాని అద్భుత బాలుడని యెవ్వరును భావింపలేదు. సంగీతమున మాత్రము గొప్ప నేర్పు గలవాడు. పియానో, ఆర్గను చక్కగా వాయించెడివాడు. సంగీతమునే వృత్తిగా గైకొనవలెనా యని కొంతకాలము ఊగిసలాడెను.

ఆ పాఠశాలలో ముల్లరు అను గణితోపాధ్యాయుడు ఒక దినమున శక్తి నశింపదను నియమమును బోధించుచు నొక కథ చెప్పెను. ఒక తాపీపనివాడు బరువైన రాతిని కష్టపడి యింటి కప్పుపైకి ఎక్కించెను. ఆతడు పడిన శ్రమ యెచ్చటికి పోయినది? ఎచ్చటికిని పోలేదు. ఆ రాతియందే నిలువయై, ఏండ్లకొలది యట్లే యుండి, ఒకనాడు రాయి జారి క్రింద నడచువాని తలపై బడినప్పుడు తిరిగి బయటపడును. ఈ కథ ప్లాంకు మనస్సున జీవితాంతము నిలిచిపోయెను. మనుష్యుని యిష్టాయిష్టములతో నిమిత్తము లేక, ఎల్ల కాలమును ఎల్ల చోటులను చెల్లెడు నియమమొకటి కలదని ఆతనికి తోచుట అదియే మొదలు. ఉపాధ్యాయులు ఈ భాగమును శ్రద్ధగా చదువుదురుగాక. తరగతిలో నొక గంట చెప్పిన పాఠము ఏ బాలునియందు నాటుకొనునో బోధించువానికి తెలియదు.

1874 లో విశ్వవిద్యాలయమున చేరబోవుచు, భౌతికశాస్త్రము చదువదలచితినని మ్యూనిక్ నగరపు ఆచార్యుడు యోలీతో చెప్పగా, ఆ వృద్ధుడు వలదని హితవు పలికెను. ఆ శాస్త్రము దాదాపు పూర్తియైనదనియు, అచ్చటచ్చట కొన్ని మూలలు దుమ్ము దులుపుట తప్ప మిగిలిన పని లేదనియు ఆతని యభిప్రాయము. క్రొత్త విషయములు కనుగొనవలెనను కోరిక తనకు లేదనియు, తెలిసిన మూలసూత్రములను బాగుగా గ్రహించినచో చాలుననియు ఆ పదునారేండ్ల యువకుడు బదులు చెప్పెను. ఇది వినయము గాదు. ఆతని స్వభావమే యట్టిది. పాత కట్టడమును పడగొట్టవలెనని ఆతడెన్నడును కోరలేదు. పడగొట్టినవాడు మాత్రము ఆతడే యయ్యెను.

1877 లో నొక సంవత్సరము బెర్లిన్ నగరమున చదివెను. అచ్చట హెల్మ్‌హోల్ట్జ్, కిర్కాఫ్ అను నిరువురు మహాపండితులుండిరి. ఒకరు సిద్ధము కాకయే తరగతికి వచ్చి నల్లబల్లపై లెక్కలు తప్పుచుండిరి. రెండవవారి పాఠము అక్షరము తప్పక సిద్ధమైనదే గాని వినువారికి నిద్ర వచ్చుచుండెను. ప్లాంకు క్లౌజియస్ అను పండితుని గ్రంథములను తనంతట తానే చదువుకొని ఉష్ణశాస్త్రమున ప్రవీణుడయ్యెను. 1879 లో ఆ విషయముననే డాక్టరు పట్టమునకు వ్యాసము వ్రాసెను. హెల్మ్‌హోల్ట్జ్ దానిని చదువనే లేదు. కిర్కాఫ్ చదివి యొప్పుకొనలేదు. ప్లాంకు నిరుత్సాహపడక పని సాగించెను. 1885 లో కీల్ నగరమున ఆచార్య పదవి లభించెను. 1887 లో మేరీ మెర్కు అను చిననాటి స్నేహితురాలిని వివాహమాడెను. ఆ సంవత్సరమే కిర్కాఫ్ మరణించగా, తన్నొప్పుకొనని యా పండితుని స్థానముననే ప్లాంకు 1889 లో బెర్లిన్‌కు వచ్చి కుదురుకొనెను.

ఆ కిర్కాఫ్ తన వెనుక నొక చిక్కును విడిచిపోయెను. కొలిమిలో ఇనుము పెట్టినను, మట్టి పెంకు పెట్టినను, రాగి పెట్టినను, మూసిన కొలిమి లోపల అన్నియు ఒకే వేడిమి వద్ద ఒకే రంగున వెలుగును. వస్తువు మారినను వెలుగు మారదు. వేడిమి మారిననే మారును. అట్లయిన, ఏ వేడిమి వద్ద ఏ రంగు వెలుగు ఎంత పాలు వెలువడునో చెప్పు సూత్రమొకటి యుండి తీరవలెనని కిర్కాఫ్ 1859 లోనే గ్రహించెను. ఆ సూత్రము మాత్రమాతనికి దొరకలేదు. ఇనుమునకును మట్టికిని లెక్కచేయని సూత్రమనగా ప్లాంకునకు తాపీపనివాని రాయి జ్ఞప్తికి వచ్చియుండును. ఆతడు 1894 మొదలు దీనినే పట్టుకొనెను.

బెర్లిన్ చెంతనున్న ప్రభుత్వ ప్రయోగశాలలో విద్యుద్దీపముల వెలుగును కొలుచుటకు ప్రమాణము కావలసియుండెను. అందులకై అచ్చటి పండితులు సన్నని రంధ్రము గల మూసిన కొలిములను నిర్మించి, వెలువడు కిరణములను మిక్కిలి సూక్ష్మముగ కొలుచుచుండిరి. 1896 లో వీన్ అను నాతడు చెప్పిన సూత్రము కొంతకాలము సరిపోయినట్లే కనబడెను. 1900 వ సంవత్సరము అక్టోబరు 7 వ తేదీ ఆదివారమున రూబెన్స్ అను ప్రయోగవేత్త భార్యతో గూడ ప్లాంకు ఇంటికి అతిథిగా వచ్చి, కంటికి కానరాని దీర్ఘమైన ఉష్ణకిరణముల విషయమున వీన్ సూత్రము తప్పుచున్నదని తెలిపెను. అతిథులు వెడలిన పిదప ఆ సాయంకాలమే ప్లాంకు కూర్చుండి క్రొత్త సూత్రమొకటి వ్రాసెను. 19 వ తేదీన దానిని పండిత సభలో వెల్లడించెను. ఆ రాత్రి రూబెన్స్ తన కొలతలన్నింటితో పోల్చి చూచి, మరునాటి యుదయమున ప్లాంకు ఇంటికి వచ్చి అన్నియు సరిపోయినవని చెప్పెను.

మరియొకడైనచో అంతటితో సంతోషించి యుండును. ప్లాంకునకు నిదుర పట్టలేదు. సూత్రము సరిపోవుచున్నది, కాని యేల సరిపోవుచున్నది? ఊహించి వ్రాసిన సూత్రము అదృష్టవశమున తగిలినదే గాని తెలిసినది కాదు. తన జీవితమున మిక్కిలి కఠినమైన పని చేసిన వారములవియే యని ఆతడు తరువాత చెప్పుకొనెను. ఎన్ని త్రోవలు తొక్కినను ఫలింపలేదు. తుదకు తాను చిరకాలముగ నొప్పుకొనని బోల్ట్‌జ్మన్ పద్ధతిని ఆశ్రయించెను. ఆ పద్ధతి అవకాశములను లెక్కించు పద్ధతి. లెక్కింపవలెనన్న శక్తిని చిన్న చిన్న పొట్లములుగ కట్టవలెను. లెక్క ముగిసిన పిదప పొట్లములు విప్పివేయుట వాడుక. పొట్లము పరిమాణమును సున్నకు తగ్గించినచో శక్తి మరల నీటి ధారవలె ఎడతెగనిదగును. ప్లాంకు అట్లు చేయబోగా సూత్రము చెడిపోయెను. పొట్లములను విప్పకున్ననే సరిపోయెను! 1900 డిసెంబరు 14 వ తేదీన ఆతడీ సంగతిని సభకు నివేదించెను. క్వాంటము సిద్ధాంతమునకు జన్మదినముగ నేటికిని ఆ దినమునే లెక్కింతురు. క్వాంటమనగా ఇంత పరిమాణమని యర్థము.

దీనిని తెలిసికొనుటకొక దృష్టాంతము చెప్పెదను. ఒక సంతలో జనులకు చేతిలో సగటున పదేసి రూపాయలున్నవనుకొనుడు. ఒక దుకాణమున అర్ధరూపాయి సరకు దొరకును; మరియొక దుకాణమువాడు నూరు రూపాయల నోటు తప్ప వేరేమియు పుచ్చుకొనడు. మొదటి దుకాణమున జనము క్రిక్కిరియుదురు. రెండవ దాని ముంగిట ఏ ధనవంతుడో యొక్కడు నిలుచును. కొలిమిలోని వేడిమియే జనుల చేతి ధనము. ఎరుపు వెలుగు చిన్న పొట్లములు. నీలము, ఊదా వెలుగులు పెద్ద పొట్లములు. వేడిమి తక్కువగా నున్నప్పుడు ఎరుపును కొనగలుగు శక్తియే యుండును గాని నీలమును కొనగలుగు శక్తి యుండదు. వేడిమి హెచ్చినకొలది పెద్ద దుకాణము కూడ తెరచుకొనును. అందుచేతనే కడ్డీ మొదట ఎరుపై, పిమ్మట తెలుపగును. పొట్లములే లేకున్నచో నీలము, ఊదా, వాని కావలి కిరణములు అంతులేక వెలువడి, వంటయింటి పొయ్యి యెదుట నెవ్వరును నిలువజాలరు.

ఇచ్చట చిన్న సవరణ. ఈ చివరి చిక్కును తొలగించుటకే ప్లాంకు పొట్లములు కల్పించెనని పెక్కు పాఠ్యపుస్తకములు వ్రాయుచున్నవి. చరిత్ర అట్లు జరుగలేదు. ఆతనిని బాధించినది ఊదా కొన గాదు. రూబెన్స్ కొలిచిన దీర్ఘకిరణముల కొన. ఊదా చిక్కు 1900 తరువాతనే స్పష్టముగ చర్చకు వచ్చెను. పరీక్షలో నేమి వ్రాయవలెనో మీ యుపాధ్యాయుని నడుగుడు, నిజము మాత్రమిది.

పొట్లమెంత యుండును? వెలుగు ఒక సెకండున నెన్ని మారులు కంపించునో ఆ సంఖ్యను ఒక స్థిర సంఖ్యచే గుణించిన పొట్లము తేలును. ఆ స్థిర సంఖ్యకు ప్లాంకు స్థిరాంకమని పేరు. జౌలు, సెకండు అను మానములలో దానిని వ్రాయుటకు దశాంశ బిందువు ప్రక్కన 33 సున్నలు పెట్టి, అటుపై 6626 వ్రాయవలెను. పొట్లములు మన కంటికేల కానరావను ప్రశ్నకు జవాబు ఆ సున్నలలోనే యున్నది. ఒక వాట్టు పచ్చని వెలుగు వెదజల్లు దీపమునుండి సెకండునకు సుమారు 27,000 కోట్ల కోట్ల పొట్లములు వెడలును. ఇసుకతిన్నెను దూరమునుండి చూచువానికి రేణువులు కనబడునా? ఊయల యూగుటలోను మెట్లు కలవు. కాని యొక మెట్టునకును మరియొక మెట్టునకును గల యెడము ఏ సాధనమునకు నందదు. వింతయేమనగా, ఇంత స్వల్పమైన సంఖ్యనుండియే ప్లాంకు ఆ దినములలో ఎలక్ట్రాను యొక్క విద్యుదావేశమును లెక్కకట్టెను. నేటి విలువకును దానికిని భేదము నూటికి మూడు పాళ్ళకు లోపు. కొలిమి వెలుగును కొలిచి పరమాణువుల లెక్క చెప్పినాడన్నమాట.

తాను చేసినది ఎంత పెద్దదో ప్లాంకు ఎరుగకపోలేదు. కాని దాని ఫలములకు జంకెను. 1905 లో ఐన్‌స్టైన్ అను యువకుడు వెలుగే పొట్లములుగ పయనించునని చెప్పినప్పుడు దానిని మొదట నిరాకరించినవారిలో ప్లాంకు ఒకడు. ఐన్‌స్టైన్ సాపేక్ష సిద్ధాంతమునకు తొలుతనే చేయూత నిచ్చినవాడును ప్లాంకే. 1913 లో ఆతనిని బెర్లిన్ పండిత పరిషత్తునకు తీసికొనుటకై సహాచార్యులతో గూడి సిఫారసు చేయుచు, వెలుగు పొట్లముల విషయమున గురి తప్పియుండవచ్చుననియు, అంతమాత్రమున నాతనిని తక్కువ చేయరాదనియు వ్రాసిరి. గురి తప్పినది సిఫారసు వ్రాసినవారికే. 1923 నాటికి అమెరికాలో కాంప్టను చేసిన ప్రయోగములు ఆ పొట్లములు నిజమని స్థాపించెను. 1924 లో ఢాకా విశ్వవిద్యాలయమున నున్న మన సత్యేంద్రనాథ బోసు పాత భౌతికశాస్త్రపు ఊతకర్ర లేకయే, వెలుగు పొట్లముల నుండియే ప్లాంకు సూత్రమును రాబట్టి ఐన్‌స్టైన్‌కు పంపెను. ఐన్‌స్టైన్ దానిని స్వయముగ జర్మను భాషలోనికి మార్చి ప్రకటింపించెను. ప్లాంకు ప్రారంభించిన వాదము అతుకులు లేక పూర్తియైనది అప్పుడే యని చెప్పవచ్చును.

అట్లయిన వెలుగు రేణువేనా? కాదు. 1909 లో కేంబ్రిడ్జిలో టెయిలరు అను విద్యార్థి ఒక సూదిపై మిక్కిలి మందమైన వెలుగును ప్రసరింపజేసి దాని నీడకు ఛాయాచిత్రము తీసెను. మైలునకు పైగా దూరమున వెలుగు కొవ్వొత్తి కాంతి యెంతో అంత మాత్రము వెలుగు. ఫలకము మూడు మాసముల వరకు నుంచవలసి వచ్చెను. అయినను నీడ యంచున తరంగములు చేయు చారలు యథాప్రకారము తీర్చినట్లు వచ్చెను. అనగా పొట్లము ఫలకమునకు తగులునప్పుడు ఒకే చోట, ఒకే మారు తగులును. ఎచ్చట తగులునో నిర్ణయించునది మాత్రము తరంగముల లెక్క. సగము తరంగము, సగము రేణువు అని చెప్పుట తప్పు. మన చెరువులోని అలయు మన చేతిలోని గులకరాయియు దానికి చాలిన ఉపమానములు కావు.

మూడవ ప్రశ్నయే ప్లాంకును చివరి వరకు బాధించెను. ఒక రేడియం ముద్దలో సగము పరమాణువులు సుమారు 1,600 సంవత్సరములలో మారిపోవును. ఏ పరమాణువు ఎప్పుడు మారునో చెప్పుట మాత్రమసాధ్యము. సాధనముల లోపమా, ప్రకృతి స్వభావమా? 1926 తరువాత యువ పండితులు స్వభావమే యనిరి. ప్రతి కార్యమునకును కారణముండి తీరవలెనని నమ్మిన ప్లాంకు ఆ మాటతో నెన్నడును రాజీపడలేదు. ఆతని మరణానంతరము చాలకాలమునకు ఈ వివాదమును ప్రయోగముచే పరీక్షించు మార్గము దొరకెను. ఆ ప్రయోగములకు 2022 లో ముగ్గురు పండితులకు నోబెలు బహుమానము లభించెను. ప్రతి రేణువును తన గుట్టును తనలోనే దాచుకొని మోసికొనిపోవుచున్నదను సామాన్యమైన తలపు వాని యెదుట నిలువలేదు. అయితే ప్రకృతిలో నియమమే లేదని దీని యర్థము గాదు. ఒక్కొక్క పొట్లము సంగతి తెలియదు గాని, కోట్ల పొట్లముల సంగతి రైలు వేళలకంటె నిశ్చయముగ చెప్పవచ్చును. క్వాంటము అను పేరు తగిలించి మందులు అమ్ముకొనువారు ఈ రెండవ భాగమును దాచిపెట్టుదురు.

ఇక ఆతని గృహజీవితము. ఇరువది రెండేండ్లు కాపురము చేసిన భార్య 1909 లో మరణించెను. 1911 లో మార్గా అను నామెను పెండ్లాడెను. 1914 లో యుద్ధము రాగా, జర్మను సేనల చర్యలను సమర్థించు ప్రకటనపై 93 మంది మేధావులలో నొకడుగ ప్లాంకు సంతకము చేసెను. అది తగని పని. ఆతడు 1916 లో, యుద్ధము సాగుచుండగనే, బహిరంగ లేఖ మూలమున ఆ మాటలను కొంతవరకు సవరించుకొనెను. ఆ యేటనే పెద్ద కుమారుడు కార్లు వెర్డన్ యుద్ధభూమిలో మడిసెను. కవలలైన యిరువురు కుమార్తెలలో గ్రేటే 1917 లో ప్రసవమై చనిపోయెను. తల్లి లేని శిశువును పెంచుటకు వచ్చిన ఎమ్మా, 1919 జనవరిలో ఆ బావనే వివాహమాడి, ఆ నవంబరులో తానును ప్రసవమై చనిపోయెను. అదే నవంబరులో 1918 వ సంవత్సరపు నోబెలు బహుమానము ఆతనికి ప్రకటింపబడెను. శిశువులిరువురును బ్రతికిరి.

ఆతడు 1920 మొదలు చనిపోవువరకు బెర్లిన్‌లోని గ్రూనెవాల్డు సంఘమున పెద్దగా నుండెను. భోజనమునకు ముందు ప్రార్థన తప్పని యిల్లది. కాని ఆతని విశ్వాసమును మనకనుకూలముగ దిద్దుకొనుట న్యాయము కాదు. విశ్వమున గల క్రమమునందు దైవమును చూచి ఆతడు తల వంచెను. సంఘము బోధించు ప్రతి వాక్యమును అంగీకరించినవాడు కాడు. ఆ సంగతి ఆతడే దాచలేదు.

1933 లో హిట్లరు రాజ్యము వచ్చెను. యూదులైన పండితులను పదవులనుండి వెడలగొట్టుచుండిరి. అప్పటికి ప్లాంకు దేశమునందలి ముఖ్య పరిశోధన సంఘమునకు అధ్యక్షుడు, వయస్సు డెబ్బదియైదు. ఆ మే మాసమున హిట్లరును చూచి, రసాయన పండితుడు హేబరు వంటి యూదుల పక్షమున మాటాడెను. హిట్లరు మండిపడగా మాట సాగలేదు. ఐన్‌స్టైన్ దేశమును విడిచిపోయెను; ప్లాంకు పదవి విడువలేదు. లోపలనుండియే కొంత కాపాడవచ్చునని తలచెను. కాపాడినది స్వల్పము. సభలలో చేయి చాచి నమస్కరింపవలసి వచ్చినప్పుడు చాచెను. దీనిని మెచ్చుకొనజాలము. అయినను హేబరు పరదేశమున మరణించిన మరుసటి యేట, 1935 జనవరి 29 వ తేదీన, ప్రభుత్వోద్యోగులు పోరాదని ఆజ్ఞ యుండగనే, ఆతని సంస్మరణ సభ నేర్పరచి తానే అధ్యక్షత వహించెను.

1944 ఫిబ్రవరిలో విమానముల దాడివలన ఆతని ఇల్లు కాలిపోయెను. గ్రంథములు, దినచర్యలు, జీవితకాలపు ఉత్తరములు సమస్తము బూడిదయ్యెను. ఆ జూలైలో హిట్లరుపై జరిగిన హత్యాప్రయత్నమునకు సంబంధించినవాడని కుమారుడు ఎర్విన్‌ను చెరబట్టిరి. మొదటి భార్య బిడ్డలలో మిగిలినవాడు అతడొక్కడే. తండ్రికి మిత్రుడు కూడ. ఎనుబదియారేండ్ల వృద్ధుడు ప్రాణభిక్ష పెట్టుమని పాలకులకు ఉత్తరములు వ్రాసెను. 1945 జనవరి 23 వ తేదీన ఎర్విన్‌ను ఉరితీసిరి. ఆ వార్త విన్న దినమున తండ్రి పియానో యొద్దకు పోయి కూర్చుండి వాయించెనని చెప్పుదురు. యుద్ధము ముగియుచుండగా సేనల నడుమ చిక్కి, వెన్ను నొప్పితో అడవులలో తలదాచుకొన్న యా దంపతులను అమెరికా సైనికులు గాటింగెన్‌కు చేర్చిరి. 1946 లో లండను రాయల్ సొసైటీ వారు న్యూటను జయంతికి పిలిచిన జర్మనుడు ఆతడొక్కడే. 1947 అక్టోబరు 4 వ తేదీన, తాతముత్తాతలు బోధించిన యా గాటింగెన్ నగరముననే కన్ను మూసెను. సమాధి రాతిపై పేరును, అడుగున ఆ స్థిర సంఖ్యయు చెక్కబడియున్నవి.

1899 లోనే ఆతడొక సూచన చేసియుండెను. మనుష్యులు కొలతలకు రాజుల అడుగులనో, లోహపు కడ్డీలనో ప్రమాణముగ పెట్టుకొనక, ఎల్ల లోకములకును చెల్లెడు ప్రకృతి సంఖ్యలనే ప్రమాణముగ గైకొనవచ్చునని. అప్పటినుండి నూట ఇరువది యేండ్ల వరకు కిలోగ్రామనగా పారిస్ చెంత భూగృహమున తాళము వేసి దాచిన లోహపు దిమ్మయే. 2019 మే 20 వ తేదీనుండి ఆ దిమ్మ ప్రమాణము కాదు. అంగడిలోని కిలో తూకపురాయి యిప్పుడు ప్లాంకు స్థిరాంకమునుబట్టి నిర్ణయింపబడుచున్నది.